మనసు ఎలా ఉన్నప్పుడు ఏ వైట్ వైన్

సంతోషంగా ఉంటే బుడగల వైన్, దిగులుగా ఉంటే తీపి వైన్, ఒంటరిగా కూర్చోవాలనిపిస్తే షార్డనే అంటూ మనఃస్థితికీ ద్రాక్ష రకానికీ జత కుదిర్చే పట్టికలు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. వాటి వెనకున్న ఊహలో నిజం లేకపోలేదు. మనం ఉన్న స్థితిని బట్టి ఒకే పానీయం ఒక పూట హాయిగా, మరొక పూట చేదుగా తోచడం అందరికీ అనుభవమే. అయితే ఆ పట్టికలు ద్రాక్ష పేరు దగ్గరే ఆగిపోవడంతో చిక్కు వస్తుంది. ఫ్రాన్స్‌లోని షాబ్లీలో షార్డనే ద్రాక్షతో సన్నని, పదునైన పులుపున్న వైన్ చేస్తారు. అదే ద్రాక్షతో కాలిఫోర్నియాలో వెన్న, వనిల్లా వాసనలతో నిండిన చిక్కని వైన్ చేస్తారు. రెండింటి మీదా షార్డనే అనే రాస్తారు గానీ ఒక మనఃస్థితికి రెండూ సరిపోవు. అందుచేత ద్రాక్ష పేరును కాసేపు పక్కనబెట్టి, గ్లాసులో నిజంగా ఉండే గుణాలేమిటి, వాటిలో దేని మీద మన మనసు ప్రభావం చూపుతుంది అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ గుణాలు పులుపు, తీపి, వాసన, చిక్కదనం, చల్లదనం. కొన్నింటిలో బుడగలు కూడా.

ఈ విషయాన్ని గోదావరి డెల్టా నుంచి చూడటంలో ఒక ఔచిత్యం ఉంది. ధవళేశ్వరానికి దిగువన వైన్ ద్రాక్షకు అనువైన వాతావరణం లేదు. ఉక్కపోత, రాత్రిపూట కూడా తగ్గని తేమ, ఆ తేమను పట్టుకుని వచ్చే బూజు తెగుళ్లు ఆ తీగకు సరిపడవు. కానీ మన దేశపు వైన్‌లో పెద్ద భాగం ఈ నది ఒడ్డునే, అది పుట్టిన నాసిక్ జిల్లాలోనే తయారవుతోంది. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి గౌతమిగా, వశిష్ఠగా విడిపోయే ఈ నీరు తన తొలి అడుగుల్లోనే గంగాపూర్ జలాశయంలో నిలుస్తుంది. ఆ జలాశయం చుట్టుపక్కల ద్రాక్షతోటలున్నాయి. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల అక్కడి చలికాలపు రాత్రులు బాగా చల్లబడతాయి. అందుకే అక్కడి రైతులు వానలు వెనకబట్టే వేళకు తీగలు కత్తిరించి, ఆ చలిలో పండు పండేలా చూసుకుని, జనవరి నుంచి మార్చి వరకు కోత కోస్తారు. 1999లో అక్కడ మొదలైన సులా సంస్థ 2000లో విడుదల చేసిన తొలి వైన్‌లు సావిన్యాన్ బ్లాంక్, చెనిన్ బ్లాంక్. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో మొదటిసారి దేశీ వైట్ వైన్ కొనాలనుకునేవారు ఈ రెండు రకాలనే అడగడం మంచిది. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే ఈ వ్యాసంలోని సగం సంగతులు గ్లాసులోనే తెలిసిపోతాయి.

వైట్ వైన్ తయారీలోని సూత్రం డెల్టావాసులకు కొత్తది కాదు. తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ అందులోని చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. సాయంత్రానికి తీపి పోయి ఘాటూ పులుపూ మిగులుతాయి. ద్రాక్షరసంలోనూ చక్కెర ఆల్కహాల్‌గా మారడం ఇలాగే జరుగుతుంది. ఈస్ట్‌ను చివరిదాకా పనిచేయనిస్తే తీపి దాదాపు లేని డ్రై వైన్ వస్తుంది, మధ్యలో చల్లబరిచి వడగట్టి ఆపేస్తే కొంత తీపి మిగిలిపోతుంది. ఇక్కడ ఒక తేడాను మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. కల్లులో సాయంత్రం వచ్చే పులుపు ఆ కల్లు చెడటం మొదలైనందువల్ల వచ్చేది. మంచి వైట్ వైన్‌లోని పులుపు చెట్టు మీద ఉండగానే పండులో ఉన్న టార్టారిక్, మాలిక్ ఆమ్లాలది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి దానికి రంగు, వగరు వస్తాయి. వైట్ వైన్‌కు ముందుగానే రసం పిండి తొక్కలను వేరు చేస్తారు. వగరు అడ్డు లేకపోవడం వల్ల వైట్ వైన్‌లో పులుపూ తీపీ నాలుకకు నేరుగా తగులుతాయి. మనసు మారితే దాని రుచి అంత తేలిగ్గా మారినట్టు అనిపించడానికి ఇదొక ప్రధాన కారణమని నా అభిప్రాయం.

వైట్ వైన్‌లో పులుపు సాధారణంగా లీటరుకు 5 నుంచి 9 గ్రాముల మధ్య ఉంటుంది. వేడి ప్రాంతాల్లో పండు పక్వానికి వచ్చే సమయంలో మాలిక్ ఆమ్లం త్వరగా తరిగిపోతుంది, చల్లని రాత్రులున్న చోట అది నిలుస్తుంది. జర్మనీలోని మోజెల్ నది వాలుల్లో పండే రీస్లింగ్ ద్రాక్షకు అంత పదును రావడానికీ, మైదాన ప్రాంతపు వేడిలో పండినవి కొంత చప్పగా ఉండటానికీ కారణం ఇదే. తయారీదారు కావాలనుకుంటే మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా సాయంతో లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే మెత్తని పులుపుగా, మార్చవచ్చు. ఆ మార్పులో పుట్టే డయాసిటైల్ అనే పదార్థమే షార్డనేలో వెన్న వాసనకు మూలం. తీపి విషయానికి వస్తే, యూరప్ నిబంధనల ప్రకారం చక్కెర లీటరుకు 4 గ్రాముల లోపు ఉంటే అది డ్రై వైన్. పులుపు గట్టిగా ఉంటే 9 గ్రాముల దాకా కూడా డ్రై అనే రాయవచ్చు. ఈ సడలింపుకు కారణం చాలా ముఖ్యమైనది. పులుపూ తీపీ ఒకదాన్నొకటి కప్పేస్తాయి కాబట్టి చక్కెర ఎంత ఉందన్న లెక్క ఒక్కటే చూసి వైన్ ఎంత తియ్యగా తోస్తుందో చెప్పలేం. చక్కెర దండిగా ఉన్న మోజెల్ రీస్లింగ్ నోటికి తేలికగా, తాజాగా తోస్తుంది. చక్కెర అందులో సగం కూడా లేకపోయినా, పులుపు లేని వైన్ జిగటగా తోస్తుంది.

మనసు ప్రవేశించేది సరిగ్గా ఈ తీపి పులుపుల తూకం దగ్గరే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కోరిన్నా నోయెల్, రాబిన్ డాండో 2013–14 సీజన్‌లో తమ విశ్వవిద్యాలయపు ఐస్ హాకీ మ్యాచ్‌లకు వచ్చిన ప్రేక్షకుల రుచి గ్రహణాన్ని పరిశీలించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. జట్టు గెలిచిన రోజున ప్రేక్షకులకు తీపి ఎక్కువగా, పులుపు తక్కువగా తెలిసింది. ఓడిన రోజున పులుపు పెరిగి తీపి తగ్గినట్టు తోచింది. వారికి రుచి చూపిన వాటిలో నిమ్మ ఐస్ కూడా ఉంది. ఓటమి నాడు దాన్ని జనం అంతగా మెచ్చలేదు. ఐస్‌లో పంచదారా నిమ్మరసమూ మారలేదు, తినేవారి మనసే మారింది.

దీన్ని వైన్‌కు అన్వయించి చూస్తే, వాడుకలో ఉన్న ఒక సలహా తలకిందులవుతుంది. మనసు బాగాలేనప్పుడు చురుక్కుమనే పుల్లని వైన్ తాగితే ఉత్సాహం వస్తుందని చాలామంది చెబుతారు. పై అధ్యయనం వైన్ మీద జరిగినది కాకపోయినా, అది చూపించిన దిశ మాత్రం ఇందుకు విరుద్ధంగా ఉంది. కుంగిన మనసుతో కూర్చున్నవారికి న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో సావిన్యాన్ బ్లాంక్ లాంటి పదునైన వైన్ మామూలుకంటే మరింత పుల్లగా, ముఖం ముడుచుకునేలా తోచే అవకాశం ఉంది, అందులో కొద్దిగా ఉన్న పండు తీపి కూడా వెనక్కి పోతుంది. అదే వైన్ పంట చేతికి వచ్చిన రోజునో, పిల్లలకు మంచి ర్యాంకు వచ్చిన రోజునో తాగితే పులుపు మెత్తబడి, పండు ముందుకు వస్తుంది. కాబట్టి బాగా పుల్లని వైన్‌లను మనసు తేలికగా ఉన్న రోజులకే కేటాయించమని నేను చెబుతాను.

ఆందోళన సంగతి ఇంకొంచెం వేరు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచినప్పుడు తీపినీ చేదునూ పట్టుకునే శక్తి పెరిగింది. నోరడ్రినలిన్ అనే మరో రసాయనాన్ని పెంచినప్పుడు చేదు, పులుపులను పట్టుకునే శక్తి పెరిగింది. సహజంగా ఆందోళన ఎక్కువగా ఉండే వ్యక్తుల్లో చేదు, ఉప్పులను గుర్తించే శక్తి తక్కువగా కనిపించింది. అంటే ఆదుర్దాలో ఉన్న మనిషికి రుచిలోని సన్నని తేడాలు అందకపోవచ్చు. అటువంటి పూట ఖరీదైన, సూక్ష్మమైన సీసాను విప్పితే దానికి న్యాయం జరగదు. పైగా ఆందోళన తగ్గించుకోవడానికి మద్యాన్ని సాధనం చేసుకోవడం మొదటికే ప్రమాదం. ఆ సంగతి కింద విడిగా చెబుతాను.

నాలుక తర్వాత ముక్కు. మనం వైన్ రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే, ఆ వాసన మీద మన అంచనా స్వారీ చేస్తుంది. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్‌శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వారు దాని వాసనను రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ నార్త్ జరిపిన ప్రయోగంలో, గదిలో వినిపించే సంగీతం గంభీరంగా ఉంటే వైన్ కూడా గంభీరంగా, సంగీతం చురుగ్గా ఉంటే వైన్ కూడా చురుగ్గా తోచిందని పాల్గొన్నవారు చెప్పారు. 1976లో పారిస్‌లో లేబుళ్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తెల్లవాటిలో మొదటి స్థానాన్ని తమ దేశపు వైన్‌కు కాక కాలిఫోర్నియాకు చెందిన 1973 నాటి షాటో మాంటలీనా షార్డనేకు ఇచ్చారు. రంగు, శబ్దం, పేరు అన్నీ రుచిలో కలిసిపోతాయని వీటివల్ల తెలుస్తోంది. మనఃస్థితి కూడా అలాంటిదే కాబట్టి, సీసాను ఎంచుకున్నంత శ్రద్ధగా గదిని, పాటను, పక్కన కూర్చునే మనిషిని కూడా ఎంచుకోవాలి. కాలువగట్టు మీది ఇంటి అరుగుపై, కరెంటు పోయిన చీకట్లో మెల్లగా తాగిన గ్లాసూ, పెళ్లివారింట డీజే హోరులో తాగిన గ్లాసూ ఒకే సీసాలోవి అయినా ఒకే వైన్‌లా అనిపించవు.

వాసనలను గుర్తుపట్టడానికి పరాయి దేశాల పండ్ల పేర్లు మనకు అక్కర్లేదు. మార్ల్‌బరో సావిన్యాన్ బ్లాంక్‌లో కొట్టొచ్చినట్టు కనిపించే గంధక సంబంధ పదార్థాలే జామపండు వాసనలోనూ ఉంటాయి. పుస్తకాలు చెప్పే గ్రేప్‌ఫ్రూట్ వాసన వెతకడానికి మన పెరళ్లలో కాసే పంపర పనసను గుర్తు చేసుకుంటే చాలు, ఎందుకంటే గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపర పనసకూ బత్తాయి జాతి నారింజకూ జరిగిన సంకరం నుంచి. సావిన్యాన్ బ్లాంక్‌లోనే వచ్చే పచ్చి క్యాప్సికం వాసనకు కారణం పైరజీన్లు అనే పదార్థాలు. మస్కట్ ద్రాక్షలో లినలూల్, జెరానియోల్ అనే వాసన పదార్థాలు ఎక్కువ. లినలూల్ మల్లెల్లోనూ నలిపిన ధనియాల్లోనూ ఉంటుంది, జెరానియోల్ గులాబీలో ఉంటుంది. కడియం నర్సరీల మధ్య సాయంత్రం పూట నడిచినవారికి మస్కట్ గ్లాసు పరాయిదిగా అనిపించదు. గెవుర్ట్స్‌ట్రామినర్ అనే ద్రాక్షలో గులాబీ, లిచీ వాసనలు తోడుగా వస్తాయి. ఏళ్లు గడిచిన రీస్లింగ్‌లో కిరసనాయిలును తలపించే వాసన వస్తుంది. మొదటిసారి అది తగిలినప్పుడు సీసా చెడిందని అనుకోనక్కర్లేదు, ఆ ద్రాక్ష స్వభావమే అది. పూల వాసనలు ఎక్కువగా ఉన్న వైన్, చక్కెర లేకపోయినా తియ్యగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. పాత జ్ఞాపకాలు ముసురుకునే రాత్రి, తీపి కావాలనిపించినా చక్కెర వద్దనుకునేవారికి ఈ వాసనల వైన్‌లు బాగా అక్కరకు వస్తాయి.

ఇక ఒక్కో స్థితిని తీసుకుందాం. మన ప్రాంతంలో మనఃస్థితి అని పొరబడేదాంట్లో చాలా భాగం ఎండ దెబ్బే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు తిరిగి వచ్చిన మనిషి చిరాకుగా ఉంటాడు. ఆ చిరాకుకు కావలసినది నీరు, వీలైతే కొబ్బరి బోండం. ఆల్కహాల్ మూత్రాన్ని పెంచి ఒంట్లోని నీటిని ఇంకా తగ్గిస్తుంది కాబట్టి దాహానికి వైన్ ఎప్పుడూ జవాబు కాదు. స్నానం చేసి, దాహం తీరి, కాస్త తేరుకున్నాక మాత్రం ఆల్కహాల్ తక్కువగా ఉండి, ఓక్ చెక్క పీపాల వాసన తగలని తేలికపాటి వైన్ హాయిగా ఉంటుంది. ఇటలీ పినో గ్రిజియో, ఫ్రాన్స్‌లో లోయిర్ నది సముద్రంలో కలిసే చోట పండే మస్కాడే, స్పెయిన్‌లో వానలు దండిగా కురిసే గలీసియా తీరపు అల్బరీన్యో ఈ కోవలోవి. వీటిలో చివరి రెండూ నది సముద్రంతో కలిసే తడి నేలల్లో, చేపలూ రొయ్యలూ తినే జనం మధ్య ఎదిగిన వైన్‌లు. అంతర్వేది, కోటిపల్లి ప్రాంతాల వారి వంటకు ఇవి దగ్గరగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

సంతోషానికి బుడగల వైన్ అన్న మాట నిజమే, అయితే అందులో ఏ రకం అన్నది చూసుకోవాలి. షాంపేన్ పద్ధతిలో రెండో పులియబెట్టడం సీసాలోనే జరుగుతుంది. లోపలి ఒత్తిడి సుమారు 6 వాతావరణ పీడనాల దాకా ఉంటుంది, అందుకే బిరడాను పట్టుకుని సీసాను నెమ్మదిగా తిప్పాలి. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కోలో ఆ పని పెద్ద ట్యాంకులో జరుగుతుంది, పండు వాసన ఎక్కువ, బుడగ మెత్తన. నాసిక్‌లో కూడా సీసాలో పులియబెట్టే పద్ధతిలో బుడగల వైన్ చేస్తున్నారు. లేబుల్ మీది మాటలు ఇక్కడ బాగా తికమకపెడతాయి. బ్రూట్ అంటే చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపు. ఎక్స్‌ట్రా డ్రై అని రాసి ఉన్నది దానికంటే తియ్యగా, 12 నుంచి 17 గ్రాముల వరకు ఉంటుంది. డెమి-సెక్ అయితే 32 నుంచి 50 గ్రాములు. సంక్రాంతికి అల్లుళ్లూ బావమరుదులూ డాబా మీద చేరిన రాత్రి, వైన్ అలవాటు లేనివారు ఎక్కువగా ఉంటే, బ్రూట్ కంటే ఎక్స్‌ట్రా డ్రై అందరికీ నచ్చుతుంది. "ఇదేంటి బావగారూ, ఇంత పుల్లగా ఉంది" అనే మాట రాకుండా ఉంటుంది. బుడగల వల్ల ఆల్కహాల్ మొదట్లో రక్తంలోకి త్వరగా చేరవచ్చు కాబట్టి, పక్కన జీడిపప్పు పకోడీయో వేయించిన చేపముక్కో ఉండేలా చూడటం ఆతిథ్యంలో భాగం.

ఒంటరిగా, నెమ్మదిగా ఆలోచించుకోవాలనిపించే రాత్రికి చిక్కని వైన్ కావాలి. ఓక్ పీపాల్లో పెరిగిన షార్డనే ఇందుకు తగినది. అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డిని అప్పుడప్పుడు కలుపుతూ ఉంచడం వల్ల దానికి గుండ్రని నోటి స్పర్శ వస్తుంది, ఓక్ నుంచి వనిల్లా వాసన వస్తుంది. ఈ వైన్‌ను మంచులా చల్లగా తాగితే సగం పోతుంది. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల వద్ద తీసిన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే దాదాపు ఏ వాసనా తగలదు, చెక్క చేదు మాత్రం నాలుక చివర నిలుస్తుంది. గ్లాసు చుట్టూ నీటి బిందువులు పట్టి, జారి, బల్ల మీద వలయం కట్టే లోపు వెన్న వాసన లేస్తుంది, ఆ తర్వాత మగ్గిన పండు, చివరికి వేయించిన జీడిపప్పు లాంటి వాసన. 12 డిగ్రీల దగ్గర అది నిండుగా ఉంటుంది. మన వేసవి గదిలో ఆ స్థితి కొద్ది నిమిషాలే నిలుస్తుంది కాబట్టి గ్లాసులో కొంచెం కొంచెంగానే పోసుకోవాలి. ఏకాంతంలో ఈ వైన్‌కు ఉన్న విలువ ఆ మారడంలోనే ఉంది. గమనించేందుకు తీరిక ఉన్న మనసుకే అది తెలుస్తుంది. కబుర్లు జోరుగా సాగే చోట ఈ సీసా విప్పడం దండగ.

దిగులు గురించి చాలా జాగ్రత్తగా మాట్లాడాలి. పులుపు పెరిగి తీపి తగ్గే నాలుకకు, కొంత తీపి మిగిలిన, ఆల్కహాల్ తక్కువగా ఉన్న శైలి సరిపోతుందని పైన చెప్పినదాన్ని బట్టి అనుకోవచ్చు. మోజెల్‌లో కాబినెట్ (జర్మన్ వర్గీకరణలో తేలికైన తరగతి) స్థాయి రీస్లింగ్ అటువంటిది, అందులో ఆల్కహాల్ తరచుగా 8 లేదా 9 శాతమే ఉంటుంది. దేశీయంగా అర్ధ తీపి చెనిన్ బ్లాంక్ దాని దారిలోనిదే. అయితే ఇది చిన్నపాటి అలసటకు, వారాంతపు విసుగుకు మాత్రమే వర్తిస్తుంది. లోతైన దుఃఖానికీ, నిద్రపట్టని ఆందోళనకూ ఏ శైలీ మందు కాదు. ఆల్కహాల్ మెదడులో గాబా అనే శాంతపరిచే వ్యవస్థను బలపరచి కాసేపు ఊరట ఇస్తుంది. అది దిగిపోయేటప్పుడు ఆందోళన తిరిగి లేస్తుంది, రాత్రి రెండో సగంలో నిద్ర చెదురుతుంది. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. తెలుపు కాబట్టి తేలిక అనుకోవడానికి వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అందుచేత మనసు నిజంగా బాగాలేని రాత్రికి నా ఎంపిక వైన్ కాదు, నమ్మిన మనిషితో ఒక ఫోన్ కాల్. ఇంట్లో మద్యంతో ఇబ్బంది పడిన మనిషి ఉంటే ఆ బల్ల మీద సీసా పెట్టకపోవడమే మర్యాద.

మన ఇళ్లలో సాయంత్రపు మనఃస్థితిని నిర్ణయించేది సగం వంటగదే కాబట్టి భోజనాన్ని వదిలి ఈ చర్చ పూర్తి కాదు. కారం తిన్న నోటికి మంట తెలిపే గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. గుంటూరు మిరపకాయ దండిగా పడిన కూరతో 14 శాతం షార్డనే తాగితే మంట రెట్టింపు అయినట్టు ఉండటానికి కారణం అదే. రొయ్యల ఇగురు పళ్లెంలో వేడివేడిగా ఉన్నప్పుడు, ఉల్లిపాయ ముద్ద అంచున నూనె తేలి, మిరియం ఘాటు గొంతులో తగిలే వేళ, అర్ధ తీపి చెనిన్ బ్లాంక్ ఒక గుక్క తీసుకుంటే మంట కొంత తగ్గి రొయ్యలోని సహజమైన తీపి బయటపడుతుంది. చింతపండు పులుసులకు సూత్రం వేరు. తినేది తాగేదానికంటే పుల్లగా ఉంటే ఆ వైన్ నీళ్లలా చప్పబడుతుంది. వరద నీటికి ఎదురీది వచ్చిన పులసను పులుసు పెట్టిన రోజున, గోంగూర ఉన్న రోజున, కనీసం అంత పులుపున్న సావిన్యాన్ బ్లాంకో, డ్రై రీస్లింగో కావాలి. ఇక్కడ నా సొంత తీర్పు ఒకటి చెప్పాలి. పులస పులుసుకు మరునాటి చల్లారిన రుచే అసలు రుచి, దాని ముందు ఏ వైన్ అయినా రెండో పీట మీదే కూర్చోవాలి. తీపి పదార్థాలతో తాగే వైన్ ఆ పదార్థం కంటే తియ్యగా ఉండాలి. ఆత్రేయపురం పూతరేకులతో డ్రై వైన్ తాగితే వైన్ చేదెక్కుతుంది. బోట్రైటిస్ అనే బూజు పట్టి ఎండిన ద్రాక్షతో చేసే ఫ్రెంచి తీపి వైన్ సోటెర్న్, లేదా ఆలస్యంగా కోసిన చెనిన్ బ్లాంక్ నెయ్యి, బెల్లం వాసనలకు దీటుగా నిలుస్తాయి.

కొనే దగ్గర కొన్ని చిన్న సంగతులు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైన యానాంలో పన్నులు వేరు, చట్టాలూ వేరు. అక్కడి సీసాను హద్దు దాటించే ముందు మన రాష్ట్రపు ఎక్సైజ్ నిబంధనలు తెలుసుకోవాలి. ఎండ పడే అలమరలో నిలబెట్టిన సీసాను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు, వేడికి వైట్ వైన్ త్వరగా ముదిరి ఉడికిన పండు వాసన కొడుతుంది. లేబుల్ మీద మొదట చూడవలసినవి ఆల్కహాల్ శాతం, పంట సంవత్సరం. తేలికపాటి వైట్ వైన్‌లలో తాజా సంవత్సరానిదే మేలు. ఒకేచోట పండిన వాటిలో శాతం 9 దగ్గర ఉంటే తీపి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ, 13 దాటితే చిక్కగా, డ్రైగా ఉండే అవకాశం ఎక్కువ. బుడగల వైన్‌ను 6 నుంచి 8 డిగ్రీల మధ్య, తేలికపాటి వాటిని 8 నుంచి 10 మధ్య ఇవ్వాలి. ఫ్రిజ్ నుంచి తీసి పది నిమిషాలు బల్ల మీద ఉంచితే మన వాతావరణంలో అది దానంతటదే కుదురుతుంది.

ఒక్కరే తాగేవారు దొరికినప్పుడల్లా 375 మిల్లీలీటర్ల సగం సీసానే కొనాలి, ఎందుకంటే పెద్ద సీసా విప్పాక దాన్ని ముగించాలన్న తొందర మోతాదును పెంచుతుంది. నిజానికి ఆ తొందర అవసరం లేదు. బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టిన వైట్ వైన్ మూడు రోజుల దాకా బాగానే ఉంటుంది. బుడగలవి మాత్రం ప్రత్యేకమైన మూత లేకపోతే మరునాటికే చప్పబడతాయి. గ్లాసులో ముందుగా రెండు గుక్కలకు సరిపడా పోసుకుని రుచి చూడండి. నిన్న హాయిగా అనిపించిన అదే వైన్ ఈ పూట పులుపుతో కోస్తున్నట్టు ఉంటే, వైన్‌లో మార్పు కంటే మీ మనసులో మార్పే ఎక్కువై ఉండవచ్చు. మూత బిగించి సీసాను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి, దాన్ని రేపటికో ఎల్లుండికో ఉంచుకోండి.